ఊహ తెలిసిన ఊరు

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళకు ఈ పత్రిక చేతిలోకి తీసుకుని ఉంటారు. చదవడం మొదలుపెట్టేముందు ఒక చిన్న పని చేయండి. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, మీకు గుర్తున్న వాటన్నిటిలోకీ పాత సంగతి ఏమిటో ఆలోచించండి. బడిలో వేసిన రోజా? ఇంకా వెనక్కి వెళ్ళండి. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ పక్కలోంచి మిమ్మల్ని లేపి నానమ్మ పక్కలో పడుకోబెట్టిన రాత్రా? ఇంకా వెనక్కి వెళ్ళగలరా?

కొంతదూరం వెళ్ళాక దారి ఉండదు. అక్కడొక గుమ్మం, ఒక చీర అంచు, ఎవరిదో చెయ్యి, ఏదో వాసన. అంతే. దానికి ముందేమైందో తెలియదు, తర్వాతేమైందో తెలియదు.

మనవాళ్ళు దీన్ని "ఊహ తెలిసినప్పటి నుంచి" అంటారు. "నాకు ఊహ తెలిసేసరికి తాతగారు లేరు", "ఊహ తెలిసినప్పటి నుంచి ఈ ఇంట్లోనే ఉన్నాం" అని రోజూ అనే మాటే. కానీ ఆ మాట ఎంత తమాషాగా ఉందో చూడండి. గుర్తు తెలిసినప్పటి నుంచి అనలేదు, ఊహ తెలిసినప్పటి నుంచి అన్నారు. తొలి జ్ఞాపకంలో సగం ఊహే అని మన పెద్దలకు ముందే తెలుసేమో! పోయిన మే నెలలో తిరుపతి వెళ్ళి వచ్చేవరకూ నాకు మాత్రం తెలియదు.

తెల్లటి ముఖం

నాకు ఊహ తెలిసింది తిరుపతిలో. నా తొలి జ్ఞాపకం ఇది: చుట్టూ జనం. డప్పులు. నేను ఎక్కడో ఎత్తున ఉన్నాను. ఒళ్ళంతా తెల్లగా పూసుకున్న ఒక మనిషి నా ముందుకు వంగి నవ్వుతున్నాడు. తెల్లటి ముఖంలో నల్లటి మీసాలు. నేను కెవ్వుమని ఏడుస్తున్నాను. రెండు పిడికిళ్ళ నిండా ఏదో నల్లగా, జిడ్డుగా పట్టుకుని ఉన్నాను. వేపమండలేమో అనుకునేదాన్ని. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ తెల్లటి మనిషి మా నాన్న. గంగమ్మ జాతరలో బైరాగి వేషం వేసుకుని నన్ను పలకరించడానికి వచ్చారు, నేను గుర్తుపట్టక జడుసుకున్నాను. ఇలా అని నాకెవరూ చెప్పలేదు. నాకే తెలుసు. అదే ఏడాది చలికాలంలో నాన్న కామెర్లతో పోయారు. నాకప్పటికి నాలుగేళ్ళు నిండలేదు. ఆయన గొంతు గుర్తు లేదు, నడక గుర్తు లేదు. ఇంట్లో ఉన్నది ఒక్క పెళ్ళి ఫోటో. నా సొంతానికి మిగిలిన నాన్న ఆ తెల్లటి ముఖం ఒక్కటే. దాన్ని అరవై ఏళ్ళుగా దాచుకున్నాను. నా పెళ్ళయ్యాక మావారికి చెప్పాను, అమ్మాయికి చెప్పాను. అమ్మతో మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. నాన్న మాట వస్తే అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయేది. అందుకని.

పుట్టు వెంట్రుకలు

మనవరాలికి మూడో ఏడు. తిరుమలలో పుట్టు వెంట్రుకలు తీయిస్తామని మొక్కు. అమ్మాయి, అల్లుడు, పిల్ల, ఎనభై దాటిన అమ్మ, నేను కలిసి కర్నూలు నుంచి బయల్దేరాం. అమ్మ కోసమని బస్సులోనే కొండెక్కాం. అలిపిరి దారిన నడిస్తే 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి పొట్టిది, 2,388 మెట్లు. అమ్మ పుట్టిన రోజులకు ఘాట్ రోడ్డు లేదు. మొదటిది 1944లో, రెండోది 1974లో వచ్చాయి. అంతకు ముందు నడవగలిగినవాళ్ళు నడిచారు, నడవలేనివాళ్ళు డోలీ ఎక్కారు. ఇప్పుడు పిల్లలతో నడకదారిన వెళ్ళాలనుకునేవాళ్ళు వేళలు ముందుగా కనుక్కుని వెళ్ళండి. 2023లో ఆ దారిలో చిరుతపులి బారిన పడి ఒక చిన్నపిల్ల ప్రాణం పోయింది. ఆ తర్వాత పిల్లలున్నవారికి ప్రత్యేకంగా నిబంధనలు పెట్టారు.

కల్యాణకట్టలో ఎప్పుడైనా పదినిమిషాలు నిలబడ్డారా? ఎన్ని ఊళ్ళ పిల్లలో, ఎన్ని భాషల ఏడుపులో! తండ్రి కాళ్ళు పట్టుకుంటాడు, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు, తల్లి గిలకో బిస్కట్టో చూపిస్తూ తనూ కళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది. మా మనవరాలు గుండు మీద నీళ్ళు పడేవరకూ ఊరుకుని, ఆ పైన కొండ ఎగిరిపోయేలా ఏడ్చింది. మా అల్లుడు అదంతా సెల్‌ఫోన్లో తీశాడు.

"దీనికి ఇదంతా గుర్తుంటుందామ్మా?" అని అమ్మాయి అడిగింది.

ఉండకపోవచ్చు. ఏడాదిలోపు తీయించిన పిల్లలకైతే ఉండనే ఉండదు. జీవితంలో మనకు జరిగే మొట్టమొదటి వేడుకలు చూడండి: బారసాల, అన్నప్రాశన, పుట్టు వెంట్రుకలు, చెవులు కుట్టించడం. అన్నీ మనకే జరుగుతాయి, ఒక్కటీ మనకు గుర్తుండదు. అవన్నీ అమ్మలకూ అమ్మమ్మలకూ గుర్తుంటాయి. మన జీవితంలో మొదటి మూడేళ్ళూ మన దగ్గర లేవు, వాళ్ళ దగ్గర ఉన్నాయి.

ఎందుకు మరిచిపోతాం?

ఈ సంగతి మీద శాస్త్రజ్ఞులు నూరేళ్ళకు పైగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. 1890లలో ఫ్రాన్సులో ఆన్రీ దంపతులు వందమందికి పైగా మనుషుల్ని మీ తొలి జ్ఞాపకం ఏమిటని ఉత్తరాల ద్వారా అడిగారు. ఎక్కువమంది చెప్పినవి మూడేళ్ళ వయసు చుట్టుపక్కలవే. 1905లో ఫ్రాయిడ్ దీన్ని శైశవపు మరుపు అన్నాడు. ఆ తర్వాత ఎన్ని దేశాల్లో ఎంతమందిని అడిగినా సగటున మూడు, మూడున్నరేళ్ళ దగ్గరే తేలుతోంది.

అలాగని పసిపిల్లలకు జ్ఞాపకశక్తి లేదనుకోకండి. రెండేళ్ళ పిల్లకు మీరు బిస్కట్ల డబ్బా ఏ అరలో దాచారో గుర్తుండదూ? ఉంటుంది. కానీ ఆ జ్ఞాపకం నిలవదు. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రీషియా బాయర్, మూడేళ్ళ పిల్లలు తల్లులతో చెప్పుకున్న కబుర్లు రికార్డు చేసి పెట్టుకుని, కొన్నేళ్ళ తర్వాత అవే సంగతులు వాళ్ళని మళ్ళీ అడిగారు. అయిదు నుంచి ఏడేళ్ళ వయసులో అడిగిన పిల్లలు సగానికి పైగా చెప్పగలిగారు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ వయసులో అడిగితే మూడో వంతు దగ్గరికి పడిపోయింది. అంటే ఆ మరుపు మనం పెద్దయ్యాక వచ్చింది కాదు. బడికి వెళ్ళే వయసులోనే, మనకు తెలియకుండానే, జాడీ అడుగున చిల్లు పడ్డట్టు కారిపోయింది.

మెదడులో జ్ఞాపకాలు కట్టగట్టి దాచే భాగం అప్పటికింకా ఎదుగుతూ ఉండడం ఒక కారణం. మాటలు పూర్తిగా రాకపోవడం ఇంకొకటి. పేరు రాయని డబ్బాలో పోసిన పొడి లాంటిది ఆ జ్ఞాపకం. ఉంటుంది గానీ, ఏమిటో చెప్పలేం.

మదనపల్లె వైపు వెళ్ళినవాళ్ళు రిషివ్యాలీ బడి గురించి వినే ఉంటారు. ఆ బడికి మూలపురుషుడైన జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో మదనపల్లెలోనే పుట్టారు. తల్లి సంజీవమ్మగారు 1905లో పోయారు. ఆయనకప్పటికి పదేళ్ళు. 1913లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, అమ్మను గురించి ఎంతో ప్రేమగా రాసుకున్నారు. పెద్దయ్యాక మాత్రం తన చిన్నతనం తనకు దాదాపుగా గుర్తులేదనేవారు. చిన్నప్పటి సంగతులన్నీ ఇతరులు చెప్పగా తెలిసినవే అనేవారు. అంతటివారికే అలా అయితే మనమెంత!

పుత్తూరు కట్టు

అయితే కొన్ని మాత్రం పోవు. నొప్పి పోదు, భయం పోదు.

కొండ దిగేటప్పుడు బస్సులో పక్క సీటావిడతో మాట కలిసింది. "మీకు గుర్తున్న అన్నిటికంటే పాత సంగతేమిటండీ?" అని అడిగేశాను. ఇలా అడిగితే ఎవరూ విసుక్కోరు, చూడండి. ఆవిడ ఏమాత్రం ఆలోచించకుండా "పుత్తూరు కట్టు" అంది.

తిరుపతి నుంచి చెన్నై వెళ్ళే దారిలో పుత్తూరు. విరిగిన ఎముకలకు అక్కడి కట్టు తమిళ దేశం దాకా పేరు పొందింది. పసరు పూసి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టేస్తారు. ఈవిడ మూడో ఏట చింతచెట్టు కింద ఆడుకుంటూ బండి మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుందట. "వాళ్ళ ముఖం గుర్తులేదు. మా నాయన చెయ్యి నా కళ్ళకి అడ్డం పెట్టినాడు. ఆ చేతికి బీడీ వాసన. గుడ్డు నీచు. కట్టేసినాక చేతిలో శెనక్కాయల ఉండ పెట్టినారు. ఇప్పటికీ పచ్చి గుడ్డు కొట్టేటప్పుడు ఎడం చెయ్యి జివ్వుమంటుంది" అంది.

కెనడాలో క్యారల్ పీటర్సన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి పిల్లల్నే పరిశీలించారు. దెబ్బలు తగిలి ఆస్పత్రికి వచ్చిన రెండు నుంచి పదమూడేళ్ళ పిల్లల దగ్గరకు ఏళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి అడిగారు. రెండేళ్ళు దాటిన పిల్లలు కూడా దెబ్బ ఎలా తగిలిందో చాలావరకు సరిగ్గా చెప్పారు. ఆవిడే ఇంకో మాట కూడా అంటారు. తొలి జ్ఞాపకం ఏ వయసులోదో చెప్పమంటే మనం అసలు వయసు కంటే ఎక్కువ చెబుతామట. నాలుగేళ్ళప్పుడు అనుకున్నది మూడేళ్ళప్పటిదే కావచ్చు.

(అన్నట్టు, ఈ రోజుల్లో పిల్లలకు దెబ్బ తగిలితే ముందు ఎక్స్‌రే తీయించండి. కట్టు మీద నమ్మకం ఉన్నా సరే, విరిగిందో బెణికిందో తెలుసుకోవడంలో తప్పులేదు కదా!)

తప్పిపోవడం

తిరుమల అనగానే తప్పిపోయిన కథ లేని ఇల్లుండదు. "మూడేళ్ళప్పుడు నిన్ను కొండ మీద పోగొట్టుకున్నాం, మైకులో పేరు చెబితే దొరికావు" అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరిని ఏడిపిస్తూనే ఉంటారు. ఆ ఎవరో ఒకరు "నాకు గుర్తుంది" అని కూడా అంటారు.

ఇక్కడే ఒక చిక్కుంది. 1995లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, ఆవిడ సహచరి కలిసి ఒక ప్రయోగం చేశారు. 24 మందికి వాళ్ళ చిన్ననాటి సంగతులు నాలుగు చెప్పారు. మూడు నిజంగా జరిగినవి, ఇంట్లోవాళ్ళను అడిగి తెలుసుకున్నవి. నాలుగోది కల్పించినది. ఐదేళ్ళప్పుడు నువ్వు పెద్ద బజారులో తప్పిపోయి ఏడుస్తుంటే ఎవరో పెద్దావిడ చూసి ఇంట్లోవాళ్ళకు అప్పగించింది, అని. ఇంచుమించు నాలుగోవంతు మంది ఆ జరగని సంగతి తమకు పూర్తిగానో కొంతగానో గుర్తుందన్నారు!

వాళ్ళు అబద్ధాలకోరులు కారండీ. విన్నమాట మనసులో బొమ్మ కడుతుంది. ఆ బొమ్మకి మనమే రంగులు వేస్తాం, మైకు పెడతాం, లడ్డు వాసన పెడతాం. కొన్నాళ్ళకు అది మనదైపోతుంది. ఇంట్లో ఉన్న ఫోటోలు కూడా ఇదే పని చేస్తాయి. ఫోటో గుర్తో, సంగతి గుర్తో విడదీయడం కష్టం.

ఈ మాట నాకు బస్సులో గుర్తొచ్చింది. గుండెలో చిన్నగా ముల్లు గుచ్చుకున్నట్టయింది. కానీ నా తెల్లటి ముఖం ఎవరూ చెప్పింది కాదు కదా, నాకు దిగుల్లేదు అనుకున్నాను.

లేని గోపురం

మధ్యలో ఒక పూట శ్రీకాళహస్తి వెళ్ళొచ్చాం. మా అమ్మాయి తొలి జ్ఞాపకం అక్కడిది. నాలుగేళ్ళప్పుడు నా చంక దిగకుండా రాజగోపురం అంతస్తులు వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఏడు. అంతవరకూ దానికి అయిదు దాకానే వచ్చు. ఆరు, ఏడు ఆ గోపురం దగ్గరే నేర్చుకుంది.

శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ గోపురం 2010 మే 26న కూలిపోయింది. టీవీలో ఆ మట్టిదిబ్బ చూసి, అప్పటికి కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి అన్నం మానేసింది. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం చేశారు. మొన్న దాని ముందు నిలబడి అమ్మాయి చాలాసేపు పైకే చూసింది. "బాగుందమ్మా. కానీ ఇది నాది కాదు" అంది. మనవరాలు మాత్రం వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, అయిదు, రెండు...

అరుగు మీద

మేం కొండ దిగిన బుధవారం గంగమ్మ జాతర మొదటిరోజు. ముందురోజు రాత్రి చాటింపు అయిపోయింది. మా మేనమామ కొడుకు ఇంట్లో దిగాం. మేనమామ పోయి ఆరేళ్ళయింది.

జాతర సంగతి తెలియని చెల్లెళ్ళ కోసం రెండు మాటలు. తాతయ్యగుంట గంగమ్మ వెంకటేశ్వరస్వామికి చెల్లెలని ఇక్కడివారి నమ్మకం. అందుకే జాతరకు కొండ మీద నుంచి పుట్టింటి సారె వస్తుంది. పసుపు, కుంకుమ, చీర. పూర్వం ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాడొకడు ఉండేవాడట. అమ్మ చేతికి దొరక్కుండా దాక్కుంటే, వాణ్ణి బయటికి రప్పించడానికి రోజుకో వేషం వేసిందట. ఆ కథనే జనం ఏటా ఒంటిమీద వేసుకుంటారు. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటి వేషానికి బొగ్గు నలుపు. ఆ తర్వాత దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు, పేరంటాళ్ళ వేషం. మగవాళ్ళు చీరలు కట్టి, జడలు వేసి, పూలు పెట్టుకుని గుడికి వెళతారు. పసిపిల్లలకు కూడా వేషాలు వేసి చేతికి వేపమండ ఇస్తారు. చివరి రాత్రి మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలుపుతారు. తెల్లవారకముందే దాన్ని తీసేస్తే ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. అమెరికా నుంచి వచ్చిన జాయిస్ ఫ్లూకిగర్ అనే ఆవిడ ఈ జాతర మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి 2013లో ఏకంగా ఒక పుస్తకమే వేశారు. మన వీధిలోని సంగతి మనకంటే ముందు పరాయివాళ్ళు రాసుకోవడం మనకలవాటే కదా!

ఆ పొద్దు అమ్మని అరుగు మీద కూర్చోబెట్టి అంబలి గ్లాసు చేతికిచ్చాను. అమ్మకు ఈ మధ్య మతిమరుపు బాగా ఎక్కువైంది. పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి గుర్తుండదు. కానీ 1960ల నాటి చింతపండు ధర చెబుతుంది. వీధిలో బైరాగి వేషాల గుంపు వచ్చింది. వాళ్ళలో ఒక కుర్రవాడు మనవరాలి ముందు వంగి నవ్వాడు. పిల్ల కెవ్వుమని నా కొంగులో దూరింది.

నా ఒళ్ళు ఝల్లుమంది. అరవై ఏళ్ళ నాడు అలా ఏడ్చింది నేను. ఆగలేక అడిగేశాను.

"అమ్మా, నేను కూడా ఇట్లాగే జడుసుకున్నాను కదూ, నాన్న బైరాగి వేషం వేసినప్పుడు?"

అమ్మ నన్ను వింతగా చూసింది. "మీ నాయన యాడ యేసినాడుమే యేషం? ఆయనకి నలుగురిలో నిలబడాలంటేనే సిగ్గు. నిన్ను జడిపించింది మీ మామ."

"కాదమ్మా, మీసాలున్నాయి. నాకు బాగా గుర్తు."

"మీ మామకి అప్పుడు మీసాలే లేవు. పద్దెనిమిదేండ్లోడు, ఇంకా నూనూగుగా ఉండాది. మీసాలు మీ నాయనకి."

మీసాలు మా నాన్నకి. అవును, పెళ్ళి ఫోటోలో. ఆ ఒక్క ఫోటోలో ఉన్న మీసాలు తీసి, మామ ముఖానికి నేనే అంటించాను. ఎప్పుడు అంటించానో తెలియదు. అయిదో ఏటో, పదో ఏటో, నాన్న కావాలనిపించిన ఏ రాత్రో.

అక్కచెల్లెళ్ళారా, ఆ క్షణంలో నాకెలా ఉందో చెప్పలేను. అరవై ఏళ్ళు భద్రంగా దాచుకున్న నగ గిల్టుదని తేలితే ఎలా ఉంటుంది? కానీ నగ పోయిందని ఏడవవచ్చు. నాకు పోయింది నాన్న. నాలుగో ఏట పోయిన మనిషి మళ్ళీ అరవై రెండో ఏట పోయాడు.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, అడగడానికి ఇంకేమీ లేక, "మరి నాన్న ఎక్కడున్నాడమ్మా అప్పుడు?" అన్నాను.

అమ్మ అంబలి తాగి గ్లాసు పక్కన పెట్టింది. "యాడుంటాడు? నువ్వు ఆయన బుజం మీదనే కదా ఉండింది. బయంతో జుట్టు పీకి పీకి పెట్టినావు. ఇంటికొచ్చి తల పట్టుకోని కూర్చున్నాడు. నూనె రాసి దువ్వినాను."

పిడికిళ్ళ నిండా నల్లగా, జిడ్డుగా. వేపమండలు కావు.

నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. నాన్న మాట వస్తే అమ్మ లేచి వెళ్ళినట్టే.

మర్నాడు

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ మీతో అబద్ధం చెప్పలేను. మర్నాడు పొద్దున మళ్ళీ ఒకసారి ఆ మాట వినాలనిపించి అమ్మను అడిగాను. "మీ నాయనా? ఆ పొద్దు ఆయన రాలేదుమే. బట్టల కొట్టుకి పోయినాడు. సెలవు ఇయ్యలేదు" అంది. నేను మూడోసారి అడగలేదు.

ఇందులో ఏది నిజమో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మామ ఉంటే చెప్పేవాడు. ఆయనతో ఎన్ని పండుగలకు కలిసి కూర్చున్నాను, ఎన్ని కబుర్లు చెప్పుకున్నాం! ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. నాకిప్పుడు ఆ కొబ్బరినూనె వాసన కూడా గుర్తొస్తోంది. అది నిజంగా గుర్తో, అమ్మ చెప్పాక పుట్టిందో నాకు తెలియదు. తెలియకపోయినా దాన్ని పారేయలేను. ఊహ తెలియడమంటే ఇదేనేమో.

మనం చేయగలిగింది

న్యూజిలాండులో మావోరీలని అక్కడి ఆదివాసులున్నారు. 2000 సంవత్సరంలో ఒటాగో విశ్వవిద్యాలయంవారు పరిశీలిస్తే వాళ్ళ తొలి జ్ఞాపకాలు మూడేళ్ళ లోపువని తేలింది. అంటే అందరికంటే ముందువి. ఇంట్లో పాత సంగతులు చెప్పుకోవడం వాళ్ళ ఆచారం కావడమే దానికి కారణం కావచ్చంటారు. తల్లి ఎంత వివరంగా పిల్లలతో జరిగిన సంగతులు మాట్లాడితే, పిల్లలకు అంత ముందు నుంచి గుర్తుంటాయని ఇతర చోట్లా గమనించారు. అంటే ఈ పని మన చేతిలోనే ఉంది. ఖర్చు లేదు, వస్తువులు అక్కర్లేదు. బియ్యం ఏరుతూ చేయవచ్చు.

పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళి వచ్చాక "లడ్డు తిన్నావా? ఏనుగుని చూశావా?" అని అడిగితే ఊ అని ఊరుకుంటారు. "కొండ మీద ఏం చూశావు? తర్వాత ఏమైంది? అప్పుడు నువ్వేం చేశావు?" అని అడగండి. తప్పు చెప్పినా వెంటనే దిద్దకండి. మీకు తోచిన మాటలు వాళ్ళ నోట్లో పెట్టకండి. మనం పెట్టిన మాట అక్కడే జ్ఞాపకమై కూర్చుంటుంది, నా మీసాల్లాగా.

ఇక పెద్దవాళ్ళ సంగతి. మీ ఇంట్లో అమ్మ, అత్తగారు, పెద్దమ్మ, మేనత్త ఎవరున్నా సరే, ఈ సాయంత్రమే పక్కన కూర్చోండి. నాలాగా అరవై ఏళ్ళు ఆగకండి. నన్ను మొదటిసారి ఎక్కడికి తీసుకెళ్ళారు, ఎవరు ఎత్తుకున్నారు, నేనేం చేశాను అని అడగండి. పద్దుల పుస్తకం చివరి పేజీల్లో తేదీ వేసి రాసి పెట్టుకోండి. పాల లెక్క రాసినట్టే రాయండి, అందంగా అక్కర్లేదు. ఒకే సంగతి ఇద్దరిని విడివిడిగా అడగండి. మన చిత్తూరు జిల్లా నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు అమ్మ కబుర్లూ ఊరి కబుర్లూ అదే మాటల్లో "పచ్చనాకు సాక్షిగా" అని రాసి పెట్టబట్టే కదా, ఆ పల్లె మనకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. మనం పుస్తకం వేయనక్కర్లేదు. మన పిల్లలకు మిగిలితే చాలు.

ఊరికి వచ్చిన నెల రోజులకు మనవరాలితో ఫోనులో మాట్లాడాను. గుండు మీద వెంట్రుకలు మొలుస్తున్నాయట. "తిరుపతిలో ఏం చూశావే బంగారం?" అని అడిగాను. కల్యాణకట్ట చెబుతుందేమో, గోపురం చెబుతుందేమో, తెల్లటి బైరాగిని చెబుతుందేమో అని చెవి ఒగ్గి విన్నాను.

అది కాసేపు ఆలోచించి, "అమ్మమ్మ కొంగులో చీకటి" అంది.

తేదీ వేసి రాసి పెట్టాను.